ప్రతి శాకాహార గృహానికీ ఒక పఫర్ చేప

బెంగుళూరులోని ప్రతి శాకాహార కుటుంబమూ తక్షణం ఒక పఫర్ చేపను పెంచుకోవాలి. ఇది సరదాకి అంటున్న మాట కాదు. సముద్రానికి ఇంత దూరాన, కావేరి నీళ్ళు రోజు మార్చి రోజు వచ్చే ఊళ్ళో, హాల్లో ఉప్పునీళ్ళ అక్వేరియం ఎందుకని మీరు అడగొచ్చు. నగర్తపేటలో జరీ దుకాణం నడిపే భాగీరథమ్మగారి ఇంటి సంగతి వింటే ఇక అడగరు.

ఆ ఇంట్లో శనివారం ఉల్లిపాయ కూడా గడప తొక్కదు. అలాంటి ఇంటికి కాకినాడ పిల్ల వర్షిణి కోడలై వచ్చింది. భాగీరథమ్మగారి కొడుకు శశిధర్‌తో ఒకే ఆఫీసులో కోడ్ రాస్తూ ప్రేమలో పడి, చేపలూ రొయ్యలూ మానేస్తానని మాటిచ్చి మరీ పెళ్ళాడింది. ప్రేమలో ఉన్నప్పుడు మాటివ్వడానికేం, ఆకలే వేయదు కదా? పాపం, ఆ మాట మీద నిలబడింది కూడా. కడుపుతో ఐదో నెల వచ్చేదాకా.

ఐదో నెలలో రొయ్యల వేపుడు తప్ప ఏదీ గొంతు దిగనంది. శశిధర్ ఆమెను కారులో హొసకోటె దాకా తీసుకెళ్ళి ఆంధ్రా హోటల్లో తినిపిస్తే, తిరుగుదారి ట్రాఫిక్‌లో అదంతా వాంతి అయిపోయింది. గుమ్మంలో అత్తగారు ఎదురొచ్చారు.

"వాసన వస్తా ఉండాది. స్నానం చేసి లోపలికి రామ్మా. స్వల్ప అడ్జస్ట్ చేసుకో."

సాఫ్ట్‌వేర్ వాళ్ళు టెన్షన్ తగ్గడానికి చేపలు పెంచుకుంటున్న రోజులవి. అదే నెలలో శశిధర్ పఫర్ చేపను తెచ్చాడు. పొట్టుతో సహా పచ్చి రొయ్యలు పెట్టకపోతే పళ్ళు పెరిగి, నోరు తెరుచుకోక చచ్చిపోతుందని అమ్మినవాడు చెప్పాడు. ఇల్లు దద్దరిల్లింది. భాగీరథమ్మగారు తొట్టి వైపు కన్నెత్తి చూడలేదు. ఒక సాయంత్రం ఆవిడ దీపం పట్టుకుని హాల్లో నడుస్తుంటే, ఆ చేప గుండ్రటి కళ్ళు తిప్పుకుంటూ ఆవిడ వెంటే అటూ ఇటూ ఈదింది. ఆవిడ కరిగిపోయారు.

"సముద్రంలో పుట్టిన జీవమప్పా," అన్నారు కొడుకుతో. "అది తినేది అది తినాల కదా. నోరు లేనిది, అడగలేక చూస్తా ఉండాది."

ఫ్రిజ్ కింది అరలో రొయ్యల డబ్బా వెలిసింది. దానికో కత్తి, దానికో పీట. కరెంటు పోతే మనుషులకు కొవ్వొత్తి, చేపకు యూపీఎస్. కుక్కర్ కూతకు అది బెదిరి బంతిలా ఉబ్బుతోందని పప్పు గిన్నెలో ఉడకసాగింది. ఒక రోజు అది తిండి ముట్టకపోతే శశిధర్ ఆఫీసుకు సెలవు పెట్టాడు. భాగీరథమ్మగారు రొయ్యను స్వయంగా రెండు వేళ్ళతో పట్టుకుని, "తిను నా బంగారమా," అని బతిమాలారు. ఎన్ని పురాణాలు వింటే వస్తుందండీ ఇంత దయ?

ఆ దయ చూసి వర్షిణికి ధైర్యం వచ్చింది.

"అత్తయ్యా, నేనూ సముద్రం పక్కనే పుట్టాను. ఆ డబ్బాలోంచి నాలుగు వేపుకోనా? నా ప్లేట్ సెపరేట్‌గా పెట్టుకుంటాను."

భాగీరథమ్మగారు నొచ్చుకున్నారు. "దానికీ నీకూ పోలికేమమ్మా? అది నోరు లేనిది. నీకు నోరుండాది, తెలివుండాది. సర్దుకోవచ్చు కదా."

వర్షిణికి ఏడుపొచ్చింది. ఏడుపు తర్వాత తెలివొచ్చింది. చేప వల్ల కలిగే అసలు లాభం ఇక్కడే ఉంది, గమనించండి. మర్నాడు ఆమె కంచం ముట్టలేదు. తొట్టి పక్కన కుర్చీ వేసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది. అత్తగారు వంటింట్లోకి వెళితే చూపు అటు, పూజగదిలోకి వెళితే ఇటు. మాట మాత్రం లేదు. శశిధర్ కాసేపు బతిమాలి, మీటింగ్ ఉందని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

భాగీరథమ్మగారు మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నారు. కడుపులో బిడ్డే గుర్తొచ్చిందో, ఆ చూపులే తట్టుకోలేకపోయారో, చివరికి ఫ్రిజ్ తెరిచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టారు.

"మిద్దె మీద స్టవ్వు ఉండాది, అక్కడ వండుకో. దాని కత్తే వాడు, మాది ముట్టొద్దు. శానా తీసుకోవద్దు, దానికి సాయంత్రానికి ఉండాల."

ఆ విధంగా వర్షిణి కాపురానికొచ్చాక మొదటిసారి, తన ఇంట్లో తన తిండి తిన్నది. చేప వాటాలోంచి.

కనుక ఆలస్యం చేయకండి. పఫర్ చేప లేని ఇళ్ళల్లో కోడళ్ళు ఎవరి వాటాలోంచి తినాలి?