తలుపు తీసిన పాపానికి

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పాంతెలిస్ ఆ రోజు పనులన్నీ అద్దానికి అప్పజెప్పాడు. మధ్యాహ్నం దాకా చుట్టాలకు తీపి పెట్టాలి. ఆ తరువాత ఒక కునుకు తీయాలి. సాయంత్రం ఆరింటికి ఊరి సభలో లేచి నిలబడి మేయరు దుమ్ము దులపాలి.

ఆ రోజు పాంతెలిమోన్ పునీతుడి రోజు. ఆయన పేరు పెట్టుకున్న పాంతెలిస్‌లాంటి వాళ్లందరికీ పేరు పండుగ. లిథారి దీవిలో ఈ పండుగకు ఎవరూ ఎవరినీ పిలవరు. వీధి తలుపు బార్లా తెరిచి పెడతారు. గడప దాటినవాడు ఎవడైనా సరే, పాకంలో ఊరిన చెర్రీలు ఒక చెంచాడు, గ్లాసుడు చల్లనీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాల్సిందే. ఆ రోజు పొద్దు గుంకేలోగా ఒక్కణ్ణి వెనక్కి పంపినా ఏడాదంతా ఇంటికి అచ్చిరాదు.

సభ గొడవ వేరే. పెద్ద పెద్ద విహారనౌకలు ఆగడానికి రేవును పొడిగిస్తారట. పొడిగిస్తే ముందుగా పోయేది పాంతెలిస్ పడవ కట్టుకునే చోటు. పడవ తాడు కట్టే ఇనుప కడియాన్ని అక్కడి రాతిలో వాళ్ల తాత తన చేత్తో దిగేశాడు. అది పోతే ఇక పడవ అమ్ముకోవడమే. పైగా, పర్యాటకం ఎటు పోతోందో, రాబోయే పదేళ్లలో ఏమవుతుందో చెప్పడానికి ఏథెన్స్ నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారట.

"ఎటు పోతోందో చెప్పడానికి ఏథెన్స్ నుంచి రావాలటే?" అన్నాడు భార్య ఎవాంథియాతో. "మన వీధిలోంచే పోతోంది కదా, కిటికీలోంచి చూస్తే కనపడదూ!"

"మొహం తుడుచుకో. నురగ కారుతోంది," అందామె.

పదింటికి చుట్టాలు నలుగురు కూర్చుని చెర్రీలు చప్పరిస్తుండగా ఇద్దరు డచ్చివాళ్లు లోపలికొచ్చారు. మొగుడూ పెళ్లాల్లా ఉన్నారు. ఎండకు ఉడికించిన రొయ్యల్లా కందిపోయారు. తలుపు తెరిచి ఉంది, జనం తింటున్నారు, ఇంకేం కావాలి? కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"ఎవరే వీళ్లు?"

"నాకేం తెలుసయ్యా! గడప దాటారు. నోరు మూసుకుని నీళ్లు పట్రా."

డచ్చావిడ చెర్రీ నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. తెరిచాక సంచిలోంచి నోటు తీసింది. పాంతెలిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"డబ్బా! నా పండుగనాడు, నా ఇంట్లో, నాకే డబ్బిస్తుందా! ఎంత పొగరు!" అంటూ నోటును మళ్లీ ఆవిడ సంచిలోకి కుక్కాడు.

పాపం, ఆ కోపమే కొంప ముంచింది. ఇల్లుగలాయన ప్రాణం పోయినా డబ్బు పుచ్చుకోడని, ఇదే అసలైన గ్రీసని ఆవిడ ఫోటోతో సహా లోకమంతటికీ చాటేసింది. పదకొండింటికి వాకిట్లో ఇరవై మంది. పన్నెండింటికి వరుస గుడి మలుపు దాటింది. చెర్రీలు అయిపోయాయి. అటకమీది అత్తి పళ్ల పాకం దిగింది, అదీ అయిపోయింది. ఇరుగుపొరుగు జాడీలు ఒక్కొక్కటే వచ్చాయి, ఆ వెనకే గుడి కుర్చీలూ వచ్చాయి.

అప్పుడు ఊడిపడ్డాడు రేవు దగ్గర కాఫీ హోటలు నడిపే లెఫ్తెరిస్.

"ఏం అన్నా, నీకిది న్యాయమా? అక్కడ నేను ఈగలు తోలుకుంటున్నా! సీజన్లో నా నోట్లో మట్టి కొడతావా?"

"నేను కొట్టానా? తీసుకుపోరా వీళ్లని! నీ కాళ్లు పట్టుకుంటా, అందర్నీ తీసుకుపో!"

"కాళ్లు తర్వాత పట్టుకుందువుగాని," అని ఎవాంథియా అడ్డొచ్చింది. "గడప దాటావుగా లెఫ్తెరిస్! ముందు మీ అన్నని దీవించి నోరు తీపి చేసుకో. ఆ చేత్తోనే పది కాఫీలు కలుపు నాయనా."

"ఎంత మాట వదినా," అని పళ్లు నూరుతూనే లెఫ్తెరిస్ పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

రెండింటికి పాంతెలిస్ గదిలోకి తప్పించుకున్నాడు. తన మంచం మీద ఎవడో పొడుగాటి జర్మనువాడు, బూట్లు విప్పుకుని మరీ, గుర్రు పెడుతున్నాడు. పొద్దుటినుంచీ తాను ఎదురుచూసిన కునుకును వాడు తీస్తున్నాడు! ఇక ఓపిక చచ్చింది. బయటికొచ్చి కుర్చీ ఎక్కి, సాయంత్రానికని దాచుకున్న ఉపన్యాసం అక్కడే దంచేశాడు.

"ఈ దీవి మాది! అంగడి సరుకు కాదు! మీ గోల లేకుండా మమ్మల్ని బతకనివ్వండి!"

ఒక్క ముక్కా అర్థంకాని వాకిలి చప్పట్లతో మోగిపోయింది. మళ్లీ, మళ్లీ అని కేకలు. ఫోన్లు పైకి లేచాయి. మూలన కూర్చున్న నారచొక్కా ఆయన ఒక్కడే గ్రీకులో పలకరించాడు.

"ఏటేటా పెరుగుతున్నారాండీ?"

"పెరగడమా? వచ్చే ఏడు వీళ్లు మంచం మీద ఉంటారు, నేను మంచం కింద ఉంటా!"

"మరి ఈ రేవు చాలుతుందంటారా?"

"రేవు చూడ్డానికొచ్చారటయ్యా వీళ్లు? మా ఆవిడ చెర్రీలు తినడానికొచ్చారు!"

ఆయన ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకుని ఇంకో చెంచా అడిగాడు.

సాయంత్రం సభలో మేయరు పక్కన అదే నారచొక్కా కూర్చుని ఉంది. ఏథెన్స్ నిపుణుడు ఆయనేనని పాంతెలిస్‌కి అప్పుడు తెలిసింది. ఉపన్యాసం వాకిట్లోనే అయిపోయింది, గొంతు బొంగురుపోయింది, చేతిలో మిగిలింది నలిగిన కాగితం.

"నౌకల్లో వచ్చేవాళ్లు మూడు గంటలుంటారు, వెంట తెచ్చుకున్న నీళ్లే తాగి పోతారు," అన్నాడు నిపుణుడు. "రేపటి రోజులు వాళ్లవి కావు. ఇంట్లో కూర్చుని మాట్లాడదామని వచ్చేవాళ్లవి. ఇవాళ కళ్లారా చూశాను. రేవు పొడిగించక్కర్లేదు."

పాంతెలిస్ ఎగిరి లెఫ్తెరిస్‌ను కావలించుకున్నాడు. కడియం మిగిలింది! పడవ మిగిలింది! ఆ ఆనందంలో మేయరు లేవడం చూసుకోలేదు.

"అయితే దీన్ని పేరు పండుగల దీవి అందాం," అన్నాడు మేయరు. "రోజుకో పునీతుడున్నాడు. రోజుకో ఇల్లు తలుపు తీస్తుంది. మొదటి ఇల్లు మన పాంతెలిస్‌ది. సరేనన్నవాళ్లు చేతులెత్తండి."

సభంతా చేతులెత్తింది. ఎవాంథియా రెండు చేతులూ ఎత్తింది.

"నువ్వు కూడానా!"

"నా చెర్రీలని అంత పెద్దమనిషి సభలో మెచ్చుకున్నాడు. పాతికేళ్లలో నువ్వెప్పుడైనా మెచ్చుకున్నావా?"

"ఏడాదికి ఒక్క రోజేగా అన్నా," అన్నాడు లెఫ్తెరిస్.

"ఆ ఒక్క రోజూ నాదిరా! నా పేరుదిరా!" అని అరిచి, పాంతెలిస్ విసవిసా రేవుకు దిగిపోయాడు. పడవెక్కి, తాత కడియం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. దీవి మొత్తం మీద ఇక తనకంటూ మిగిలింది ఈ నాలుగు చెక్కలే. ఒక్కణ్ణీ రానివ్వనని గట్టిగా పైకే అనుకున్నాడు.

రాతిమెట్ల మీద అడుగుల చప్పుడైంది. డచ్చివాళ్లు! ఎవాంథియా పంపిందో ఏమో, చేతిలో చెర్రీల పళ్లెం. ఆవిడ పొద్దున్నుంచీ నేర్చుకున్న గ్రీకంతా కూడగట్టుకుని, "నూరేళ్లు చల్లగా ఉండు, పాంతెలిస్! లోపలికి రావచ్చా?" అంది.

పాంతెలిస్ పడమటి వైపు ఆశగా చూశాడు. పొద్దింకా గుంకలేదు. పళ్లు కొరుకుతూ పక్కకు జరిగాడు.