నాలుగు వేళ్ళ తేడా

క్రిస్మస్ మర్నాడు పొద్దున్న లామార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నేలమాళిగలోని తుపాకుల బీరువాలో లైట్లు బిగించాలి, తలుపు లోపలివైపు గుడ్డ జేబులు తగిలించాలి, తుపాకులు ఒకదాని మీద ఒకటి వాలకుండా కర్రలు అమర్చాలి. పన్నెండింటికి మామగారితో జింకల వేటకు బయల్దేరాలి. పెన్సిల్వేనియా కొండల్లో ఆ రోజు నుంచీ చెకుముకి తుపాకుల వేట మొదలు. మందూ గుండూ మూతిలోంచి కూరి కాల్చే పాతకాలపు తుపాకులవి.

మామగారు క్లేటన్ తుపాకి పోయిన జనవరి నుంచీ ఈ బీరువాలోనే ఉంది. ఆయన ముప్పైయెనిమిదేళ్ళుగా ఊళ్ళో వేట భద్రత పాఠాలు చెబుతున్నాడు. పెళ్ళై పద్నాలుగేళ్ళయినా ఆయన ఎదుట తుపాకి పట్టుకోవాలంటే లామార్‌కు అరచేతులు చెమరుస్తాయి.

లైట్లు బ్రహ్మాండంగా కుదిరాయి. భార్య రొవీనా కాఫీ కప్పుతో దిగివచ్చి చూసింది.

"నా వంటింట్లోనే ఇంత వెలుతురు లేదు. ఇకమీదట గుడ్లు ఇక్కడే వేయించుకుంటా."

తరవాత కర్రల పని. కర్రను తుపాకి గొట్టంలో అడుగు దాకా దింపితే పైకొస పై అరకు ఆనుకుని తుపాకి నిటారుగా నిలవాలి. తన తుపాకీ మామగారిదీ ఒకే కమ్మరి ఒకే కొలతతో చేసినవి కాబట్టి లామార్ రెండు కర్రలూ సమానంగా కోశాడు. తన తుపాకిలో కర్ర రెండు వేళ్ళ మేర బయటికి నిలిచింది. మామగారి దాంట్లో ఆరు వేళ్ళు.

చెత్త పేరుకుని ఉంటుందనుకుని చెక్క సుత్తితో కర్ర తల మీద మూడు దెబ్బలు వేశాడు. నాలుగోది వెయ్యబోతూ ఆగిపోయాడు. ఇలాంటి తుపాకిలో కర్ర అడుక్కి దిగలేదంటే అడుగున మందూ గుండూ ఉన్నట్టే. ఆ పాఠం చెప్పింది మామగారే. లామార్ గడ్డం సరిగ్గా ఆ కర్రకు పైన ఉంది.

చటుక్కున గడ్డం పక్కకు తిప్పుకున్నాడు. "రొవీనా, కదలకు. మీ నాన్న తుపాకిలో గుండు ఉంది."

"నోర్ముయ్! మా నాన్న తుపాకిలోనా?"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. లైట్లు ఆరిపోయాయి. ఎవరూ కదలకపోతే ఆరిపోయే రకం అవి. ఆ సంగతి అట్టపెట్టె మీద రాసి ఉంది, అట్టపెట్టె చెత్తబుట్టలో ఉంది. లామార్ ఉలిక్కిపడ్డాడు, వెంటనే అవి భగ్గున వెలిగాయి.

"బాబోయ్, నిప్పురవ్వలు!" రొవీనా కప్పు జారవిడిచి, చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తింది.

పక్కింటి ఇర్విన్ ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛంద సభ్యుడు. రొవీనా అతనికి చెప్పింది బీరువాలో నిప్పురవ్వలు లేచాయని. అతను రేడియోలో చెప్పింది మందుగుండు బీరువా అంటుకుందని. కాసేపటికి రెండు ఫైరింజన్లు, పదకొండు మంది మనుషులు వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మంచులో బోర్లా పడుకున్నారు.

లోపల లామార్ ఒక చేత్తో తుపాకి పడిపోకుండా పట్టుకుని, లైట్లు ఆరిపోకుండా రెండో చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. వదిలేస్తే పడి పేలుతుందని భయం, పట్టుకుంటే చేతిలోనే పేలుతుందని భయం.

"లామార్, బతికే ఉన్నావా?" ఇర్విన్ బయటినుంచి కేకేశాడు.

"ప్రస్తుతానికి!"

పన్నెండింటికి క్లేటన్ వచ్చాడు. బోర్లా పడుకున్నవాళ్ళను దాటుకుంటూ మెట్లు దిగాడు. ఆయన దిగాక గానీ వాళ్ళకు లేచి మెట్ల దాకా రావడానికి ధైర్యం చాలలేదు.

"ఎవర్రా నా తుపాకిలో గుండు ఉందన్న వెధవ?"

"మామయ్యా, కర్ర చూడండి."

క్లేటన్ గొట్టం మూతి దగ్గర కర్ర మీద బొటనవేలు పెట్టి, పైకి లాగి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. నాలుగు వేళ్ళు తక్కువ. మళ్ళీ ఆనించాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"పోయిన జనవరి, ఆఖరి రోజు..." అల్లుడికి మాత్రమే వినపడేట్టు గొణిగాడు. "మంచు కురుస్తోంది. గుండు తియ్యకుండా అలాగే నీ చేతికిచ్చేశాను."

మెట్ల మీద పదకొండు మంది. అందరూ ఆయన శిష్యులే.

"గుండు ఉందా మాస్టారూ? ఎవరు కూరారు?" ఇర్విన్ అడిగాడు.

క్లేటన్ తల దించుకున్నాడు. శిష్యుల ముందు ఆయన తల దించడం లామార్ ఎన్నడూ చూడలేదు. అంతసేపూ తుపాకికి పడ్డ భయం దీని ముందు దిగదుడుపు. ఇప్పుడు నిజం బయటపడితే ముసలాయన రేపటినుంచి ఊళ్ళో తలెత్తుకోలేడు.

"నేనే," అన్నాడు లామార్. "నిన్న సరదాకి కూరి మర్చిపోయాను."

"చూశారా మాస్టారూ! ఇలాంటివాళ్ళ వల్లే మనకు చెడ్డపేరు." ఇర్విన్ తల పట్టుకున్నాడు. "వీణ్ణి మళ్ళీ మొదటి తరగతి నుంచీ కూర్చోబెట్టాల్సిందే."

క్లేటన్ అల్లుడి వైపు చాలాసేపు చూశాడు. తుపాకి తీసుకుని పెరటి చేలోకి నడిచి, మట్టిగట్టుకు గురిపెట్టి పేల్చాడు. పదకొండు మందీ మళ్ళీ బోర్లా పడ్డారు.

ఏప్రిల్‌లో లామార్ పదకొండేళ్ళ పిల్లల మధ్య, మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలో కూర్చుని భద్రత పాఠాలు విన్నాడు. ఆఖరున పరీక్ష రాశాడు. జవాబులన్నీ సరైనవే.

అయినా క్లేటన్ అతన్ని ఫెయిల్ చేశాడు, ఎవరికీ అనుమానం రాకూడదు కదా.