దొరగారి పేగులూ కర్రెదాని పేగులూ

వరంగల్లు పౌరులకు తెలియజేయునది ఏమనగా, రేషను దుకాణాల ముందు మొక్కజొన్నల కోసం జనం బారులు తీరిన ఆ ఏడాదే, సుబేదారిలో వరాహాభివృద్ధి కేంద్రం వెలిసింది. మొక్కజొన్నలు ఎటు పోతున్నాయో తెలియక జనం కంగారు పడకూడదని, ఆ కేంద్రాన్ని అందరికీ కనిపించే చోటే కట్టారు.

అక్కడ ఉన్నది సీమపంది. తెల్లని ఒళ్లు, గులాబి చెవులు. సిబ్బంది దాన్ని గౌరవంగా ‘దొరగారు’ అనేవారు. తక్కువ దాణాకు ఎక్కువ కండ పెట్టడంలో దొరగారిని మించిన ప్రాణి లేదని నిరూపించాలి. నిరూపణ ముందే అయిపోయింది. పరిశోధన ఒక్కటే మిగిలింది.

అధికారి సారంగపాణి మహా నిష్ఠాపరుడు. పందిని కళ్లతో చూసి ఎరుగడు. గోడకు ఇవతల కుర్చీ వేసుకుని, అవతలి గురకను బట్టి ప్రగతిని అంచనా వేసేవాడు.

పోల్చి చూడటానికి ఒక నాటుపంది అవసరమైంది. కేంద్రం వెనక వాడలో మొగిలమ్మకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి, చూడితో ఉన్న నల్లపంది కర్రెది. జాతి ప్రయోజనం కోసం దాన్ని తోలుకొచ్చారు.

“ఈ నెలల్నే ఈనేటట్టున్నది సారూ, ఎప్పుడిస్తరు?” అంది మొగిలమ్మ.

“ఫికర్ చెయ్యకమ్మా” అన్నాడు పశువుల డాక్టరు సాల్మన్.

దొరగారికి కాచి చల్లార్చిన నీళ్లు, ఉడికించిన మొక్కజొన్నలు, ఫినాయిలుతో కడిగిన నేల, దోమతెర. కర్రెదానికి పక్కనున్న మురుగు మోరీ.

ఒకనాడు రాజధాని నుంచి ఓ పెద్దమనిషి పరిశీలనకు వచ్చాడు. ఆయన మెడలో వేయగా బంతిపూల దండలు రెండు మిగిలాయి. పరిశోధనలో పక్షపాతం తగదు గనుక రెండు పందులకూ వేశారు.

“ఈ వరాహం తినే ప్రతి గింజా దేశ కండరమై నిలుస్తుంది!” అని గోడకు ఇవతలి నుంచి సారంగపాణి గర్జించాడు. చప్పట్ల మధ్య దేశ కండరం తన దండ తినేసింది. కర్రెది తన దండ ముగించి, పెద్దమనిషి దండ కూడా లాక్కుని దారంతో సహా మింగింది.

సాయంత్రానికల్లా దొరగారికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో దొరతనమంతా కరిగిపోయింది. కర్రెది మాత్రం ఇంకాస్త బలిసింది.

“పేగులల్ల పోలీసులుంటరు సార్” అని సాల్మన్ వివరించాడు. “దొరగారి పోలీసులు పుట్టి దొంగ మొఖం చూడలే. దండ లోపలికి రాంగనే కర్ఫ్యూ పెట్టి లాఠీచార్జి చేసిండ్రు. తిన్న దాణా అంత వాళ్ల భత్యాలకే పాయె. కర్రెదాని పోలీసులకు మోరీల దొంగలందరు ఎరుకే. సలాం తీసుకుని సాగనంపుతరు.”

“అలాగా! అయితే ఆ కర్రెదాని పేగులు కోసి చూడండి. ఏకాదశి వెళ్లాక” అన్నాడు సారంగపాణి.

కబురు విని మొగిలమ్మ ఉరికొచ్చింది.

“బాంచెన్ సారూ! కడుపుల పిల్లలున్నయి! దాని పేగులల్ల ఏమున్నది? గా మోరీ పక్క చెలిమె నీళ్లే మేము సుత తాగుతానం. మా పేగులు సుత గట్లనే ఉంటయి. సూసుడే అయితే మమ్ముల సూడుండ్రి, దాన్ని ఇడిసిపెట్టుండ్రి!”

సారంగపాణి మొదటిసారి కుర్చీ ఎక్కి గోడ అవతలికి చూశాడు. పందిని కాదు, వాడను. ఆయన కళ్లు మెరిశాయి. దాణా ఖర్చు లేదు, దోమతెర అక్కర్లేదు, పొద్దంతా చాకిరీ! ఇంతటి పొదుపు జాతి ఎదుట ఉండగా సీమ నుంచి పంది ఎందుకు?

కర్రెది ఆ పూటే విడుదలైంది. మొగిలమ్మ దాని వీపు నిమురుతూ, దారి పొడవునా సర్కారును దీవిస్తూ ఇంటికి తోలుకుపోయింది. వారం తిరగకముందే అది బొద్దు పిల్లల్ని ఈనింది.

సారంగపాణి నివేదిక కూడా అదే వారం వెలువడింది. ఆ వాడ పేగులు అమూల్యమైన జాతి సంపద అనీ, శుద్ధమైన నీటితో వాటిని పాడుచేయరాదనీ అందులో తేల్చాడు. వాడకు మంజూరైన మంచినీళ్ల నల్లాను తక్షణమే మన వీధికి మళ్లించారు.

వాడవాళ్ల పేగుల బలాన్ని మెచ్చుకుంటూ మనమంతా సభ పెట్టుకుని అభినందన తీర్మానం చేశాం. ఒక్కరూ కాదనలేదు. మనకే నీళ్లు చాలడం లేదాయె.