ఆగని సూది

తెల్లకోటు జేబు మీద పేరు కుట్టేసి, తొమ్మిదింటికల్లా కొత్త డాక్టరమ్మ చేతిలో పెట్టాలన్నది టైలరమ్మ ఆ ఉదయం వేసుకున్న ప్లాను. డాక్టరమ్మ ఆ రోజే ఆసుపత్రిలో సర్జనుగా చేరబోతోంది. తీరా చూస్తే, ఎంబ్రాయిడరీ మిషనుకు డిజైన్లు పంపే ప్రోగ్రాం తెరుచుకోనని మొరాయించింది.

"కొత్తది ఉచితంగానే దొరుకుతుంది. కాకపోతే సోర్స్ కోడ్ తెచ్చుకుని, దాన్ని నడిచే ప్రోగ్రాంగా మనమే కంపైల్ చేసుకోవాలి. పది నిమిషాల పని," అన్నాడు భర్త. ఆయన కాలేజీలో కంప్యూటర్ల మాస్టారు. ఆయన పది నిమిషాలు ఎంతసేపుంటాయో ఆమెకు పన్నెండేళ్లుగా తెలుసు.

మొదటి ప్రయత్నానికే ఆరు ఎర్రర్లతో తెరంతా ఎర్ర అక్షరాలు పరుచుకున్నాయి.

"లైబ్రరీ లేదంటోంది," అని గొణిగాడు మాస్టారు.

"ఇవాళ ఆదివారం కాదుగా బాబూ, తొమ్మిదింటికి తీస్తారు," అంది గుండీలు కుడుతున్న అత్తగారు.

అది పుస్తకాల లైబ్రరీ కాదు, ప్రోగ్రాం ఆధారపడే మరో కోడ్ అని చెప్పే ఓపిక లేక, కావలసినదేదో ఆయనే వెతికి పెట్టాడు. ఆరు ఎర్రర్లు కాస్తా పద్నాలుగయ్యాయి.

"ఏమిటలా చెరిపేస్తున్నారు?" అంది టైలరమ్మ కంగారుగా.

"ఎక్కడ ఎర్రరొస్తే ఆ లైను తీసేస్తున్నా. ముందు గండం గడవనీ."

"వాళ్లు ఊరికే రాసుంటారా?"

"అతిజాగ్రత్త కొద్దీ రాస్తారులే!"

తొమ్మిదికి పావుగంట ముందు ప్రోగ్రాం సిద్ధమైంది. మిషను టకటకమంటూ ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు కుట్టింది. మాస్టారు కాలరెగరేశాడు. కానీ సూది ఆగలేదు. చివరి అక్షరం దాటి జేబు మూతిని బిగించి కుట్టేసింది. కింద మడతపడ్డ కోటు చేతిని కూడా జేబుకు అతికించేసింది.

"ఆపండీ!"

"నొక్కుతూనే ఉన్నా, ఆగట్లేదే!"

అత్తగారు లేచి ప్లగ్గు పీకేసింది.

మాస్టారు తను తీసేసిన లైన్లు చూసుకున్నాడు. వాటిలో ఒకటి, పేరు పూర్తవగానే సూదిని ఆపే లైను. దాని పైన పెద్దక్షరాల్లో 'దయచేసి తీసేయవద్దు' అని కూడా రాసి ఉంది.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ గుమ్మంలోకొచ్చింది. కోటును చూసి కొయ్యబారిపోయింది.

డాక్టరమ్మ తేరుకుని, "సన్న కత్తెర ఉందా?" అని అడిగింది. కిటికీ దగ్గర కూర్చుని, గుడ్డకు గీతైనా పడకుండా అక్కర్లేని కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పేసింది. పేరు పేరులాగే మిగిలింది. కోటు తొడుక్కుని, జేబులో చెయ్యి పెట్టి చూసుకుని, టైముకే బయల్దేరింది.

ఉద్యోగంలో చేరకముందే ఆమె చేసిన తొలి ఆపరేషన్ విజయవంతమైంది. మాస్టారు మాత్రం ఇంకా కోలుకోవలసి ఉంది.