రెండంగుళాల మహాసంగ్రామము

సకల పాదచారుల మడమలను కాచు దేవతలారా! చక్రములకు గాలిని, గొలుసులకు నూనెను ప్రసాదించు అదృశ్యశక్తులారా! ఒక్క క్షణము ఇటు చెవి యొగ్గుడు. ఎండ వీధిని సగము మాత్రమే ఆక్రమించిన ఒకానొక ఆదివార పూర్వాహ్ణమున, ఇస్త్రీ ఆవిరికి మసకబారిన అద్దముల వెనుక, కర్తరీఖడ్గధారియు, టేపుమాలాలంకృతకంఠుడును, ‘రేపిస్తా’ అను ఏకైక మంత్రముతో ముప్పది ఏండ్లుగా గిరాకీలను నిలువరించినవాడును అగు దర్జీ, కుట్టుమిషను బల్లపై తెల్లకాగితము పరచి, భార్యకొక సైకిలు కట్టించి తీరెదనని భీషణప్రతిజ్ఞ గావించెను.

ఏల యీ ప్రతిజ్ఞ? ఆ యిల్లాలు నర్సు. పగలెల్ల వార్డులో నిలుచుండు ఉద్యోగము. ఆసుపత్రికి పోవు ఒక్కగానొక్క బస్సు కిందటి నెలలో రద్దయ్యెను. ఇక పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట నడక. పొట్టిమనిషి గనుక అంగడిలోని ప్రతి సైకిలును ఆమెకు ఎత్తే. ఒకనాడు భర్త సైకిలెక్కి, ఆగవలసిన చోట కాలు నేలకందక, కూరగాయల బండిపై దండయాత్ర చేసి, మోకాలు చెక్కుకొని వచ్చినది మొదలు ఆమె సైకిలు పేరెత్తలేదు. సాయంత్రము గుమ్మమున చెప్పులు విడిచి, గోడకానుకొని నిలుచు ఆమెను దర్జీ దినదినమును చూచుచుండెను.

రెడీమేడు అను మాటయే గిట్టని ఆ వీరుడు, విడిభాగములు ఏరికోరి కొని ఆమె కొలతకే సైకిలు కట్టించదలచెను. ఖజానాలో ఇరవై వేలు కలవు. అంతకు మించి చిల్లిగవ్వ లేదు.

అంతట, ఫోనులో వెయ్యి సైకిలు వీడియోలు చూచియు ఒక్క పంక్చరైనను వేసి యెరుగని బావమరిది, సలహాశరపరంపరలతో రణరంగప్రవేశము చేసెను.

“బావా, ఫ్రేము తేలిగ్గా ఉండాలి. గేర్లు ఏడైనా ఉండాలి. లేకపోతే పరువు పోతుంది!”

“ఎవరి పరువురా?”

“సైకిల్ది!”

ఫ్రేము ఆరువేల అయిదువందలు. చక్రముల జత, గేర్లు, బ్రేకులు, టైర్లు, సీటు, పెడళ్లు, హ్యాండిలు ఒకదాని వెనుక నొకటి కాగితముపై బారులు తీరెను. కూడగా ఇరవైమూడువేల నూటయాభై తేలెను. దర్జీ కన్నులు చింతనిప్పులయ్యెను. “ఓ గేర్లారా! కొండయే లేని యీ వీధులలో మీ సప్తవిధ ప్రతాపము నెవరిపై చూపెదరు? పొండు!” అని మనసులోనే గర్జించి, పెన్సిలుతో వానిని కొట్టివేసెను. పదునారు వందలు నేలగూలెను. కొత్త సీటును తొలగించి, పాతసీటునకు తానే తోలు తొడుగు కుట్టెదనని మరి పదకొండు వందలు నరికెను. ఐనను నాలుగువందల యాభై కొఱకరాని కొయ్యయై నిలిచెను. అప్పుడాతని పెన్సిలు మెల్లగా బ్రేకులవైపు జరిగెను.

వంటగదినుండి చేయి తుడుచుకొనుచు వచ్చిన ఇల్లాలు అది కనిపెట్టెను.

“బ్రేకుల జోలికెళ్తే ఊరుకోను. పడ్డవాళ్లకి కట్లు కట్టేది నేను. అయినా ఎందుకండీ ఇదంతా? నాకు నడక అలవాటైపోయింది.”

“అలవాటైతే రోజూ కాళ్లు వేణ్ణీళ్లలో ఎందుకు పెడతావ్?” అనెను దర్జీ.

ఆమె కాగితము నందుకొని చదువసాగెను. ఒకచోట చూపు ఆగెను.

“లోపలి కాలి కొలత ఇరవై ఎనిమిదా? నాది ఇరవై ఆరు కదా! నా పైజమాలన్నీ మీరే కుడతారు.”

“ఇరవై ఆరే. మడతకి రెండంగుళాలు వదిలాను.”

“మడతా? సైకిల్ని కింద మడిచి కుడతారా?”

బావమరిది స్టూలుపైనుండి జారి, గుడ్డముక్కల గుట్టలో పడి పొర్లి నవ్వెను. ముప్పది ఏండ్లలో ఏనాడును మడతకు వదలక కత్తెర వేయని ఆ మహానుభావుని చేయి, సైకిలునకును తన ధర్మమును తప్పలేదు.

“తక్కువైతే మళ్లీ అతకలేం కదా... చేతికి అలవాటు,” అని దర్జీ గొణిగెను.

“ఇలాగే కట్టించి ఉంటే మళ్లీ కాలందేది కాదండీ,” అనెను ఆమె మెల్లగా.

అప్పుడుగాని దర్జీకి తట్టలేదు. ప్రేమతో కూర్చిన ప్రతి భాగమును ఆమెను మరల గాలిలో వ్రేలాడదీయుటకే యన్నమాట! నవ్వుచున్న బావమరిదియు లేచి బట్టలు దులుపుకొనెను. దర్జీ ఇరవై ఎనిమిదిని చెరిపి, ఇరవై ఆరు అని రెండుమార్లు దిద్ది, ఇరువురిని వెంటబెట్టుకొని తక్షణమే సైకిలు మెకానిక్కు దుకాణమునకు బయలుదేరెను.

మెకానిక్కు కాగితము చూచి తల యూపెను. “ఈ కొలతకి చిన్న ఫ్రేము సరిపోతుంది టైలర్ గారూ. అయిదొందలు తక్కువే. అమ్మా, ఒకసారి నిలబడి చూడండి.” అని, గోడకు వ్రేలాడుచున్న చిన్న ఫ్రేమును దింపి, దుకాణపు చక్రములు రెండు తాత్కాలికముగా బిగించి, ఆమె ముందుంచెను.

ఆమె మోకాలు తడుముకొనెను. భర్త ఒకవైపు, తమ్ముడొకవైపు పట్టుకొనగా కాలు అటు వేసి, ఇనుపగొట్టమునకు ఇరువైపుల పాదములు మోపి, కన్నులు దించి చూచెను. నమ్మక మరల చూచెను.

“అందాయండీ,” అనెను. “రెండూ!”

సమస్త లోకములారా, వినుడు! సైకిలింకను పుట్టలేదు. గొలుసు లేదు, సీటు లేదు, ఒక్క అడుగైనను ముందుకు కదలలేదు. ఐనను పందొమ్మిదివేల తొమ్మిదివందల యాభైకి లెక్క కుదిరెను, బ్రేకులు బ్రతికిపోయెను, ఒక ఇల్లాలి మడమలు రెండును ఏకకాలమున భూమండలమును ఆక్రమించెను! దర్జీ ముఖము విప్పారెను. ఆమె మాత్రము ఎవరిని పట్టుకొననీయక, చేతులు రెండును గొట్టముపై నుంచి, అటులనే నిలుచుండెను. ఫ్రేము తిరిగి ఇమ్మని మెకానిక్కు రెండుమార్లు అడుగవలసి వచ్చెను.