రెండో సమీక్షకుడు

సోమవారం పొద్దున్నే కాఫీ తాగాలి, తర్వాత ఒక మనిషిని నోరారా తిట్టుకోవాలి, ఆ తర్వాత పేరుకుపోయిన ఈమెయిళ్ల సంగతి చూడాలి. బాధ్యత మాస్టారు వేసుకున్న ప్రణాళిక ఇది. తిట్టాల్సిన మనిషి ఎవరో ఆయనకు తెలియదు. నాలుగు నెలలుగా తన వ్యాసాన్ని చదవకుండా కింద వేసుకుని కూర్చున్నాడని మాత్రం తెలుసు. తిట్టడానికి అంతకన్నా పరిచయం అక్కర్లేదు.

మాస్టారు విశ్వవిద్యాలయంలో సాంకేతికత తత్వశాస్త్రం చెబుతారు. అంటే, యంత్రాల జోలికి పోకుండా యంత్రాల గురించి మాట్లాడతారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన చెబుతున్నది ఒకే మాట: "యంత్రం తప్పు చేయదు. చూడకుండా మీట నొక్కిన మనిషి తప్పు చేస్తాడు. బాధ్యత మనిషిదే." ఈ ఒక్క మాటను సాగదీసి ఆయన ఉద్యోగం సంపాదించారు, నాలుగు వ్యాసాలు అచ్చు వేయించారు, విమానమెక్కి రెండు సదస్సులకు వెళ్లొచ్చారు, చేతులున్న తిరుగుడు కుర్చీ కూడా సాధించారు. విద్యార్థులు వెక్కిరింతకు పెట్టిన 'బాధ్యత మాస్టారు' అన్న పేరు స్టాఫ్ రూములోనూ స్థిరపడిపోయింది. ఆయన మాత్రం దాన్ని బిరుదు అనుకుంటారు.

ఇక మిగిలింది ప్రొఫెసర్ పదవి. దానికి ఇంటర్వ్యూ గురువారం. ఐదు వ్యాసాలు అచ్చయినా ఉండాలి, అచ్చుకు ఒప్పుకున్నట్టు ఉత్తరమైనా ఉండాలి. మాస్టారికి నాలుగున్నాయి. ఐదోది ఏదో పత్రిక దగ్గర ఉంది. ఏ పత్రికో ఆయనకు తెలియదు, ఎందుకంటే దాన్ని రాసిందీ, పంపిందీ, మొదటి పత్రిక వద్దంటే శీర్షిక మార్చి రెండో దానికి పంపిందీ ఆయన దగ్గర డాక్టరేట్ చేస్తున్న పరిశోధకురాలు. మాస్టారు తన క్లాసు నోట్సు ఆమె చేతిలో పెట్టి, పైన తన పేరు ఒక్కటే వేయమని, "మిగతాది నువ్వు చూసుకోమ్మా" అన్నారు. ఆమె చూసుకుంది. ఆమె థీసిస్ మీద ఆయన సంతకం పడాలి మరి.

కాఫీ సగంలో ఉండగా ఆమె ఫోన్ చేసింది.

"సార్, పత్రికవాళ్లని మళ్లీ అడిగాను. మొదటి సమీక్షకుడు బాగుందన్నారట. రెండో ఆయన దగ్గరే ఆగింది."

"ఎవడమ్మా వాడు?"

"పేరు చెప్పరు కదా సార్. రాసినవాళ్లెవరో చదివేవాళ్లకి తెలీదు, చదివేవాళ్లెవరో రాసినవాళ్లకి తెలీదు."

"నాలుగు నెలలా! అవతల ఒక మనిషి బతుకు ముడిపడి ఉందన్న ఇంగితం ఉండొద్దూ? ఇలాంటి దద్దమ్మల్ని ఉద్యోగంలోంచి పీకెయ్యాలి!"

మాస్టారి భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "మీ దగ్గర ఎవరివీ ఆగిపోలేదా?"

"నా సంగతి వేరు. నాకు తీరికుండదు," అన్నారు మాస్టారు.

ఆమె వెళ్లాక ఆయన కంప్యూటర్ తెరిచారు. తెరవని ఈమెయిళ్లు పదమూడు వందల పన్నెండు. అందులో ఒకే పత్రిక నుంచి వచ్చిన తొమ్మిది ఉత్తరాలు వరసగా కనిపించాయి. మొదటిది ఒక వ్యాసం చదివి సమీక్ష రాయమన్న విన్నపం, మిగతా ఎనిమిదీ గుర్తుచేస్తూ రాసినవి. ఆ పత్రికలో మనుషులు తక్కువ, సాఫ్ట్‌వేర్ ఎక్కువ. ఏ వ్యాసం ఎవరు చదవాలో అదే వెతికి పంపుతుంది. "ఈ వ్యాసంలోని ఆలోచనలకు మీకంటే దగ్గరివారు మాకు దొరకలేదు" అని రాసింది. మాస్టారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయారు. ఆ వారంలో ఆయన రెండుసార్లు చదివిన వాక్యం అదొక్కటే.

వ్యాసం చదవడంలో ఆయనకు ఒక పద్ధతి ఉంది. ముందు చివరి పేజీకి వెళ్లి, ఆధారాల జాబితాలో తన పేరుందో లేదో చూస్తారు. ఉంటే వ్యాసం మంచిది. ఈ జాబితాలో లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వెతికారు. యంత్రాల మీద, బాధ్యత మీద ఒకడు ముప్పై పేజీలు రాస్తాడు, బాధ్యత మాస్టారి పేరెత్తడు! ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే మొదటి పేజీ తిప్పారు. రెండు పేరాలు దాటేసరికి మంట కాస్తా భగ్గుమంది. మీట నొక్కే మనిషి, చూడని కన్ను... అన్నీ తన మాటలే!

దొంగ ఎవరో ఊహించడానికి ఆయనకు క్షణం పట్టలేదు. పక్క గదిలో ఇంకో లెక్చరర్ ఉన్నాడు. క్లాసుకు బుల్లి ఎగిరే యంత్రాన్ని పట్టుకొస్తాడు కాబట్టి అందరూ డ్రోన్ మాస్టారంటారు. గురువారం ఇంటర్వ్యూకి వస్తున్న రెండో అభ్యర్థి అతనే.

"గోడకి చెవి ఆనించి విన్నాడన్నమాట!" అని మాస్టారు గట్టిగానే అనుకుని, సమీక్ష టైపు చేశారు: "ఈ రచయితకు తత్వశాస్త్రం రాదు. వచ్చినట్టు కనిపించిన చోటల్లా అది వేరొకరిది. ఆ వేరొకరు నేనే." కింద ఒక ప్రశ్న ఉంది: ఇది మరొకరి రచనకు కాపీ అని భావిస్తున్నారా? మాస్టారు భావించారు. మీట నొక్కారు.

క్షణంలో సాఫ్ట్‌వేర్ రుజువులు అడిగింది. మాస్టారికి హుషారొచ్చింది. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా, క్లాసులు ఎగ్గొట్టి మరీ, తన పాత నోట్సునూ ఆ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి వాక్యాలు సరిపోల్చారు. ముప్పై ఒకటి అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఒక్కొక్కటి కలిసినప్పుడల్లా ఆయన తొడ చరుచుకున్నారు.

"మొత్తం చదివారా, కలిసినవే చదివారా?" అని సోమవారం రాత్రి భోజనాల దగ్గర భార్య అడిగింది.

"దొంగ సొత్తు దొరికాక ఇల్లంతా ఊడవడం దేనికి?"

"మా ల్యాబ్‌లో సీసా మీది పేరు రెండుసార్లు చూడకుండా మూత తియ్యం."

"మీది రక్తం. నాది ఆలోచన," అన్నారు మాస్టారు. ఆలోచనకు పరీక్ష లేకపోవడం ఎంత అదృష్టమో ఆమె పైకి అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం రుజువులు పంపారు. రచయితను మూడేళ్లు వెలివేయాలని, అతను పనిచేసే సంస్థకు తెలియజేయాలని కోరారు. ఫిర్యాదులో మీ పేరు చెప్పవచ్చా అని అడిగితే, "నిరభ్యంతరంగా" అని రాశారు.

సాయంత్రం పరిశోధకురాలు గదిలోకి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"సార్, మన వ్యాసం తిరగ్గొట్టేశారు. రెండో సమీక్షకుడు చాలా ఘోరంగా రాశాడు. పైగా కాపీ అంటున్నాడు."

మాస్టారికి కుర్చీ కింద నేల కదిలినట్టయింది. ఇంటర్వ్యూ ఎల్లుండి. ఐదోది పోతే ప్రొఫెసర్ పదవి పోయినట్టే. "కాపీయా? నా నోట్సుని పట్టుకుని కాపీ అన్నాడా? వాడి మొహం!"

"సార్, ఆ సమీక్ష మీరొక్కసారి చూస్తే బాగుంటుంది. ఆ మాటల తీరు నాకెందుకో..."

"ఆ చెత్త నాకు చూపించకు. బీపీ పెరుగుతుంది. నేను చెబుతాను, రాసుకో. రచయిత తరఫున ఫిర్యాదు."

"సార్, ఒక్క పేరా చదువుతాను, వినండి."

"రాసుకోమంటున్నానా!"

ఆమె రాసుకుంది. సమీక్షకుడు వ్యాసం చదవలేదు. అతనికి తత్వశాస్త్రంలో ఓనమాలు రావు. ఇలాంటి బాధ్యత లేని మనిషిని ఉద్యోగంలో ఉంచడం విద్యకే అవమానం. మాస్టారు కింద సంతకం చేసి, ఈ ఫిర్యాదు నకలు ఒకటి ఉపకులపతికి కూడా పంపమన్నారు. ఆమె ఆయన చెప్పింది చెప్పినట్టు పంపింది.

బుధవారం పొద్దున విశ్వవిద్యాలయ నైతిక ప్రమాణాల సంఘానికి పత్రిక నుంచి కవరు వచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడు బాధ్యత మాస్టారే. నిందితుడి పేరు లోపల ఇంకో కవరులో మూసి ఉంటుంది. సిఫారసు రాసేదాకా దాన్ని తెరవకూడదు, తెరిచేది ఉపకులపతి మాత్రమే. పక్షపాతం ఉండకూడదని ఆ నియమం పెట్టింది కూడా మాస్టారే. లోపలి కవరును ఆయన వేళ్లతో నిమిరి, డ్రోన్ మాస్టారి గది వైపు జాలిగా చూశారు. తన ఐదో వ్యాసం పోయినా ఫరవాలేదు, పోటీలో ఇక మిగిలేది తానొక్కడే. "నేరం రుజువైంది. మూడేళ్ల పాటు ఏ పదోన్నతికీ పరిశీలించరాదు" అని రాసి, సంతకం కింద రెండు గీతలు గీశారు.

గురువారం ఇంటర్వ్యూ గదిలో ఉపకులపతి మేడమ్, అటూ ఇటూ బయటి నుంచి వచ్చిన ఇద్దరు నిపుణులు. ఒకాయన అప్పుడే కునికిపాట్లు పడుతున్నారు.

"కూర్చోండి మాస్టారూ. ముందు చిన్న విషయం. నిన్నటి మీ సిఫారసు చూశాను. గట్టిగానే రాశారు," అంది మేడమ్.

"ఈ విషయంలో రాజీ పడను మేడమ్."

"దొంగ ఎవరో తెలిస్తే కాస్త మెత్తబడేవారేమో."

"నా సొంత తమ్ముడైనా అదే రాసేవాణ్ణి."

"తమ్ముడు కాదు," అని ఆమె కాగితం ఆయన వైపు తిప్పింది.

మాస్టారు చదివారు. నిదానంగా, అక్షరం అక్షరం చదివారు. తన పేరు, తన హోదా, తన గది నంబరు.

"అసలు... జాబితాలో నా పేరే లేదు కదా మేడమ్!"

"రాసినదెవరో తెలియకూడదని రచయిత పేరు ఆధారాల జాబితాలోంచి కూడా తీసేయమంటుంది పత్రిక. మీకు తెలియదా? సరే, ఇది చూడండి. సమీక్షకుడి మీద రచయిత ఇచ్చిన ఫిర్యాదు. ఇదీ మీ సంతకమే." ఆమె రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టింది. "రచయిత దొంగ అని సమీక్షకుడు అంటున్నాడు. సమీక్షకుడు దద్దమ్మ అని రచయిత అంటున్నాడు. ఇద్దరూ మీరే. ఇద్దరూ రుజువులతో మాట్లాడుతున్నారు. మీలో ఎవరి మాటా కాదనలేకపోతున్నాం."

"అది నేను రాయలేదు మేడమ్. నా దగ్గర పనిచేసే అమ్మాయి..."

మేడమ్ కలం చేతిలోకి తీసుకుంది. "మీరు రాయలేదా? దరఖాస్తులో మీ ఐదో వ్యాసమని ఉందే!"

"అంటే... రాశాను. నేనే రాశాను."

"అయితే మీ రాతే పనికిరాదని మీరే తేల్చారు."

"లేదు, రాయలేదు!" అన్నారు మాస్టారు. అటు తిరిగినా గోడే, ఇటు తిరిగినా గోడే. చివరికి బల్ల మీద గుద్ది అరిచారు: "ఇదంతా ఆ యంత్రం చేసిన తప్పు! నా వ్యాసం నాకే పంపుతుందా? దానికి బుద్ధుండొద్దూ? నేనేం చేశాను? మీట నొక్కానంతే!"

కునికిపాట్లు పడుతున్న నిపుణుడు కళ్లు తెరిచాడు. వ్యాసం చివరి పేజీ తీసి చదివాడు. "'యంత్రం తప్పు చేసిందని అరిచే ప్రతి మనిషీ, తాను చూడలేదని ఒప్పుకుంటున్నాడు.' చక్కని వాక్యం. ఇది మీ నోట్సులో లేదే! ఎవరిది?"

మాస్టారు ఆ పేజీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మేడమ్ పరిశోధకురాలిని పిలిపించింది. ఆమె మాస్టారి వైపు చూసింది. థీసిస్ మీద పడాల్సిన సంతకం గుర్తొచ్చింది. అయినా చెప్పింది.

"నాది మేడమ్. నోట్సులో ముప్పై ఒక్క వాక్యాలున్నాయి. ఆ ముప్పై పేజీల్లో మిగతాదంతా నేనే రాశాను."

"మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదు?"

"రెండుసార్లు చెప్పబోయాను మేడమ్. ఫిర్యాదు రాసుకోమన్నారు."

ప్రొఫెసర్ పదవి డ్రోన్ మాస్టారికి వెళ్లింది. తనకెలా వచ్చిందో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. పరిశోధకురాలికి వేరే గైడుని ఇచ్చారు. ఆమె వ్యాసం ఆ ముప్పై ఒక్క వాక్యాలు తీసేసి ఆమె పేరు మీదే అచ్చయింది, తీసేసినందువల్ల బాగుపడిందని చదివినవాళ్లన్నారు. బాధ్యత మాస్టారికి మూడేళ్లు పదోన్నతి లేదు. ఆ తీర్పు మీద అప్పీలు చేసుకుందామంటే, అప్పీలు వినాల్సిన సంఘానికి అధ్యక్షుడు ఆయనే.

నెల తర్వాత పత్రిక సాఫ్ట్‌వేర్ నుంచి మాస్టారికి రంగుల అంచుతో ఒక ప్రశంసాపత్రం వచ్చింది: ఆ ఏడాది వ్యాసాలను అందరికన్నా నిశితంగా చదివిన సమీక్షకుడు ఆయనేనట.