విత్‌కి మేష్టారు చెప్పిన అర్థం

ఆ ఉదయం మేష్టారు కాలేజీకి సెలవు పెట్టింది పుస్తకం కోసం. ఇంగ్లీషులోని చిన్న చిన్న మాటల పుట్టుపూర్వోత్తరాల మీద ఆయన చాలాకాలంగా ఒక పుస్తకం రాస్తున్నారు. ఇన్, ఆన్, ఎట్ అయిపోయి 'విత్' దగ్గరికొచ్చారు. కాఫీ కప్పు పక్కన పెట్టుకుని కలం తీశారో లేదో, కూతురి బడి నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. మీ అమ్మాయి ఈవేళ పక్కింటి అమ్మాయి 'విత్' ఫైట్ చేసింది, ఒకసారి వచ్చి కలవండి అని దాని సారాంశం.

"మనది పక్కింటి కళ్ళద్దాల షాపాయన కూతుర్ని కొట్టిందట," అన్నారు భార్యతో.

ఆవిడ వచ్చి ఫోన్ చూసింది. "విత్ అంటే కలిసి కదండీ? ఇద్దరూ కలిసి ఇంకెవరితోనన్నా గొడవపడ్డారేమో. ఒకర్ని వదిలి ఒకరు ఉండరు."

మేష్టారు జాలిగా నవ్వారు. "అది తర్వాత వచ్చిన అర్థం. పూర్వం విత్ అంటే ఎదురుగా, వ్యతిరేకంగా అని. కలిసి అనడానికి మిడ్ అని వేరే మాట ఉండేది. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలవడమేగా? ఫైట్ పక్కన చేరిన విత్‌కి ఆ పాత వాసన ఇంకా పోలేదు."

"పూర్వం సంగతి మనకెందుకు? బడికి ఫోన్ చేసి కనుక్కుంటే పోలా?"

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ లెక్కల మనిషి. విత్‌కి అర్థం ఏమిటని తనంతవాడు ఆవిడని అడగడం మేష్టారికి నామోషీ అనిపించింది. చొక్కా తగిలించుకుని, క్షమాపణ చెప్పి రావడానికి పక్కింటికి బయల్దేరారు.

అదే మెసేజ్ పక్కింటికీ వచ్చింది గానీ, షాపాయన తన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ ఇంకా చదవలేదు. మేష్టారు చదివి, అర్థం కూడా చెప్పారు.

"దెబ్బలు తగిలాయా?" అంది షాపాయన భార్య, గుండెల మీద చెయ్యేసుకుని.

"ఫైట్ అన్నారంటే తగిలే ఉంటాయమ్మా," అన్నారు మేష్టారు, నిజాయితీగా.

"మా పిల్ల ఏం చేసిందని?"

కారణం ఆయనకీ తెలీదు. ఊరుకుంటే తన కూతురు ఉత్తి రౌడీపిల్ల అయిపోతుంది. అందుకని తనకి తెలిసిన ఒకే ఒక్క ముక్క బయటపెట్టారు. "మీ అమ్మాయి లెక్కలు మాదాని నోట్సు చూసి రాస్తుందట. అక్కడే మాటామాటా పెరిగుంటుంది."

షాపాయన మొహం ఎర్రబడింది. ఆయన భార్య చీర కొంగు బిగించింది. "మీ అమ్మాయి మీ గురించి ఏమంటుందో మేమెప్పుడన్నా మీకు చెప్పామా అన్నయ్యగారూ?"

"ఏమంటుంది?"

"మీరు ఇంట్లో మాట్లాడుతుంటే చెవుల్లో దూది పెట్టుకుంటుందట."

మేష్టారి భార్యతో కలిపి నలుగురూ ఒకే ఆటోలో, ఒకరి మొహం ఒకరు చూడకుండా బడికి వెళ్ళారు. వరండాలో బల్ల మీద పిల్లలిద్దరూ రేగిన జుట్టుతో, ఒకే సీసాలో నీళ్ళు తాగుతూ నవ్వుకుంటున్నారు. షాపాయన ఆగలేదు.

"ఏమే, దాని లెక్కలు చూసి రాస్తున్నావా?"

ఆ పిల్ల నెమ్మదిగా స్నేహితురాలి వైపు తిరిగింది. "చెప్పేశావా?"

మేష్టారి కూతురు తండ్రి వైపు తిరిగింది. మేష్టారు గోడ మీది టైంటేబుల్ చదవడం మొదలుపెట్టారు.

అంతలో హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూ బయటికొచ్చింది. "మంచిపిల్లల్ని కన్నారండీ. కుళాయి దగ్గర చిన్నపిల్లల్ని పెద్ద క్లాసుల వాళ్ళు తోసేస్తుంటే వీళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి తరిమేశారు. మీకు స్వయంగా చెబుదామని రమ్మన్నాను. ఇలాంటి స్నేహం..."

వెనక సీసా కింద పడిన చప్పుడైంది. ఆవిడ తిరిగి చూసేసరికి ఒకరి జడ ఒకరి చేతిలో ఉంది. విడదీయడానికి ముగ్గురు పట్టారు. "ఇప్పటిదాకా బాగానే ఉన్నారే, ఇంతలో ఏమైంది?" అంది ఆవిడ, అయోమయంగా. మేష్టారి భార్య ఆయన వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకి.

సాయంత్రం మేష్టారు కూతురి గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నారు. "తప్పయిపోయిందమ్మా. ముందు నిన్నో మాట అడగాల్సింది."

"ఎవరికీ చెప్పొద్దని అది నాకు చెప్పింది నాన్నా. నేను నీకొక్కడికే చెప్పాను."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మేష్టారికి ఎక్కడో లోపల గుచ్చుకుంది.

"నాకు చెప్తే ఏం లాభం?" అంది కూతురు. "దానికి చెప్పు."

వెళ్ళి పక్కింటి బెల్లు నొక్కారు. తలుపు కాస్త తెరుచుకుంది. బుగ్గ మీద గోటిగీతతో ఆ పిల్ల తొంగిచూసింది.

"నాన్న లేరండీ."

"లేనని చెప్పు," అంది లోపల్నుంచి షాపాయన గొంతు.

"నాన్న కోసం కాదమ్మా," అన్నారు మేష్టారు తల వంచుకుని. "నీకోసం వచ్చాను."

ఆ పిల్ల ఒకసారి లోపలికి తిరిగి చూసింది.

"నేనూ లేనండీ," అని తలుపు వేసుకుంది. ఆ మాటకి రెండో అర్థమేదీ మేష్టారికి తోచలేదు.